వస్త్ర పరిశ్రమలో నమూనాకారుని విద్య

మనం ధరించిన చొక్కాను ఎవరు కుట్టారని అడిగితే దర్జీ అని వెంటనే చెబుతాము. దుకాణంలో కొన్నదైతే ఫలానా కంపెనీ అంటాము. కాని ఆ చొక్కా మెడ ఎంత వంపు తిరగవలెనో, చేయి పైకెత్తినప్పుడు చంక పట్టివేయకుండా ఉండుటకు ఏమి చేయవలెనో గుడ్డపై కత్తెర పడకముందే కాగితంపై నిర్ణయించిన వ్యక్తి ఒకరున్నారు. కార్ఖానాలలో ఆ వ్యక్తిని పేటర్న్ మాస్టర్ అంటారు. మన భాషలో నమూనాకారుడు అనవచ్చును. నమూనా అన్నది పారశీకం నుండి ఉర్దూకు, తెలుగుకు సమానంగా సంక్రమించిన మాట గనుక ఈ కళాశాలలోని ఉభయ భాషల విద్యార్థులకు అది పరాయిది కాదు. ఆ నమూనాకారుని విద్య ఎట్టిది, దానికి గణితంతో ఉన్న బంధమేమిటి, మన విద్యార్థులకు అది ఎందుకు అవసరము అన్న విషయాలను వివరించుట ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఒక స్వంత అనుభవం చెప్పుటకు పాఠకుల అనుమతి కోరుతున్నాను. మా తండ్రిగారు దర్జీ. ఆయనకు షేర్వాణీ కోత నేర్పిన ఉస్తాద్‌గారు ఏనాడూ కాగితం పట్టినవారు కారు. టేపు మెడలో వేసుకొని, సుద్దముక్కతో నేరుగా గుడ్డపై గీసేవారు. ఆయన కోసిన షేర్వాణీ కాలరు మెడను అంటిపెట్టుకొని నిలిచేది, గొంతును మాత్రం నొక్కేది కాదు. ఆ వంపు రహస్యం శిష్యులకు చెప్పక దాచుకున్నారని కాదు, దానిని మాటలలో చెప్పుట ఆయనకు తెలియదు. ఆయన గతించిన తరువాత మా తండ్రిగారు అటువంటి కాలరు కోయలేక, చివరకు ఉస్తాద్‌గారి చేతి పాత షేర్వాణీ ఒకటి సంపాదించి, కుట్లన్నీ ఒక్కొక్కటిగా విప్పి, ఆ ముక్కలను పాత వార్తాపత్రికలపై పరచి, చుట్టూ పెన్సిలుతో గీసుకున్నారు. నేను జీవితంలో చూచిన మొదటి నమూనా అదే. ఒక మనిషి నలభై సంవత్సరాల విద్యను ఆయన మరణానంతరం కుట్లు విప్పి వెదకవలసి వచ్చినదన్న సంగతి నా మనస్సును నేటికీ విడువలేదు.

నమూనా పుట్టుక

దర్జీ ఒక మనిషిని కొలిచి ఆ మనిషికే కుడతాడు. తప్పు జరిగితే అతనినే పిలిచి, తొడిగి చూచి, సరిదిద్దుతాడు. కార్ఖానాలో ఆ అవకాశం లేదు. తాను ఎన్నడూ చూడని వేలాది మందికి ఒకేసారి దుస్తులు తయారు కావలెను. అందుకు కోత యొక్క జ్ఞానం దర్జీ చేతి నుండి విడివడి, ఎవరైనా చదువగల గీతగా మారవలసి వచ్చినది. ఆ గీతయే నమూనా.

ఈ మార్పు ఒక్కరోజులో జరిగినది కాదు. హువాన్ దె అల్సేగా అను స్పెయిన్ దేశపు దర్జీ 1580లో మాడ్రిడ్ నగరంలో ఒక గ్రంథం ప్రకటించాడు. దుస్తుల ముక్కలను గుడ్డ వెడల్పులో వ్యర్థం లేకుండా ఎట్లు అమర్చవలెనో అందులో బొమ్మలతో చూపాడు. అది జ్యామితి గ్రంథమని తన పుస్తకం పేరులోనే చెప్పుకున్నాడు. అమెరికాలో ఎలయాస్ హోవ్ 1846లోను, ఐజాక్ సింగర్ 1851లోను కుట్టుయంత్రాలకు పేటెంట్లు పొందిన తరువాత కుట్టుట వేగవంతమైనది. కాని కోత వెనుకబడి ఉన్నది. ఆ కొరతను గుర్తించినవారిలో ఎబెనేజర్ బటరిక్ ఒకరు. ఆయన కూడా దర్జీయే. మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్టెర్లింగ్ అను చిన్న ఊరిలో ఆయన 1863లో వేర్వేరు సైజులలో కాగితపు నమూనాలను తయారు చేసి అమ్మకానికి పెట్టాడు. ఊరి దర్జీ వద్ద మాత్రమే ఉన్న విద్య కాగితం రూపంలో తపాలా సంచిలో ప్రయాణించి పల్లెటూరి గృహిణి చేతికి చేరినది.

మన దేశంలో జ్యామితి లేదని భావించరాదు. పాతకాలపు కలీదార్ కుర్తాను పరిశీలించండి. నడుమ దీర్ఘచతురస్రం, ప్రక్కల త్రికోణాకారపు కలీలు, చంక క్రింద చిన్న చతురస్రపు ముక్క. ఒక దీర్ఘచతురస్రాన్ని మూల నుండి మూలకు కోస్తే రెండు కలీలు వస్తాయి, గుడ్డపీలిక కూడా వ్యర్థం కాదు. చంక క్రింది చతురస్రం చేయి కదలికకు చోటు ఇస్తుంది. మగ్గంపై నేసిన గుడ్డ విలువ తెలిసినవారు కనిపెట్టిన కోత అది. మన దర్జీలకు లోపించినది జ్ఞానం కాదు, దానిని వ్రాసిపెట్టు అలవాటు.

కాగితంపై శరీరం

నమూనాకారుడు మొదట శరీర కొలతలతో ఒక మూల నమూనాను గీస్తాడు. దీనిని పరిశ్రమలో బ్లాక్ అంటారు. ఇందులో అలంకారం ఏదీ ఉండదు. శరీరం ముందుభాగం, వెనుకభాగం, చేయి, ఇవి మాత్రమే ఉంటాయి. శరీరపు కుడి ఎడమలు సమానమని భావించి సగం మాత్రమే గీస్తారు. కొలతకు పైన కదలిక కోసం కొంత లూజు కలుపుతారు. ఊపిరి పీల్చుటకు, కూర్చొనుటకు, నమాజులో వంగుటకు, బస్సులో చేయెత్తి కడ్డీ పట్టుకొనుటకు చాలినంత గుడ్డ ఆ లూజులోనే ఉన్నది. తరువాత కుట్టుకోసం అంచుల వెంట మార్జిన్ వదులుతారు.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. కాగితం చదునుగా ఉంటుంది, శరీరం వంపులుగా ఉంటుంది. చదునైన దానిని ముడతలు లేకుండా గోళంపై పరచుట సాధ్యం కాదని గణితజ్ఞులు నిరూపించారు. నారింజ తొక్కను బల్లపై అదిమి చూచినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. దర్జీలు టక్కు లేక డాట్ అని పిలిచే మడత ఈ చిక్కుకు సమాధానమే. వంపు ఉన్నచోట గుడ్డను కోణాకారంగా మడిచి కుట్టితే చదునైన గుడ్డ గిన్నెవలె లోతు పొందుతుంది.

ప్రసిద్ధ రష్యన్ గణితజ్ఞుడు చెబిషేవ్ 1878లో పారిస్‌లో జరిగిన ఒక శాస్త్రజ్ఞుల సభలో దుస్తుల కోత గురించియే ఉపన్యసించాడు. గుడ్డలోని పడుగు, పేక నూళ్లు సాగకపోయినను వాటి మధ్య కోణం మారగలదు గనుక గుడ్డ కాగితం కంటే ఎక్కువగా వంపులకు లొంగుతుందని ఆయన గుర్తించి, ఒక గోళాన్ని రెండు గుడ్డముక్కలతో కప్పు విధానాన్ని లెక్కించి చూపాడు. నూలు దిశకు నలభై అయిదు డిగ్రీల ఏటవాలుగా గుడ్డను లాగితే అది సాగుట మన ఇళ్లలోని స్త్రీలందరికీ తెలుసు. పెద్ద గణితజ్ఞుడు సభలో చెప్పినదీ, కుట్టుమిషను ముందు కూర్చున్న ఇల్లాలు చేతితో ఎరిగినదీ ఒకే సత్యం. అందుచేతనే ప్రతి నమూనా ముక్కపై పడుగు దిశను చూపు బాణపు గీత ఒకటి తప్పక ఉంటుంది. ఆ గీత ప్రక్కకు జరిగితే, ఉతికిన తరువాత పైజామా కాలు మెలిదిరుగుతుంది.

తరగతిలోని లెక్క, కత్తెర క్రింది లెక్క

విద్యార్థినులకు ఇష్టమైన గొడుగు లంగాను ఉదాహరణగా తీసుకొందాము. నడుము 66 సెంటీమీటర్లు. నడుము గీత ఒక పూర్తి వృత్తం. వృత్తపరిధిని రెండు పైలతో భాగిస్తే వ్యాసార్ధం వస్తుందని మనం ఉన్నత పాఠశాలలోనే చదివాము. 66ను 44తో భాగించి 7తో గుణిస్తే 10.5 సెంటీమీటర్లు వచ్చును. గుడ్డను నాలుగు మడతలు వేసి, మూల నుండి 10.5 దూరంలో చాపం గీయవలెను. లంగా పొడవు 70 అయితే క్రింది అంచు వ్యాసార్ధం 80.5, అనగా ఘేరా 506 సెంటీమీటర్లు.

లెక్క ఇంతటితో సరిపోయినదని భావించి 10.5 వద్దనే కత్తిరించిన విద్యార్థిని మోసపోతుంది. నడుముపట్టీ కుట్టుటకు ఒక సెంటీమీటరు గుడ్డ లోపలికి పోతుంది. కుట్టు గీత 11.5 వద్ద పడుతుంది. నడుము 72 దాటుతుంది, లంగా జారుతుంది. వృత్తంలో వ్యాసార్ధం ఒక్క సెంటీమీటరు పెరిగితే పరిధి ఆరు సెంటీమీటర్లకు పైగా పెరుగుట దీనికి కారణం. కనుక కత్తెర 9.5 వద్ద పడవలెను. సూత్రం కంఠస్థం చేసిన విద్యార్థికీ, సూత్రం దేనికో తెలిసిన విద్యార్థికీ గల భేదం ఈ ఒక్క సెంటీమీటరులో కనిపిస్తుంది.

మరియొక ఉదాహరణ. ఒక గుడ్డ ఉతికిన తరువాత పొడవులో నూటికి ఎనిమిది వంతులు కుంచించుకుపోతుందని పరీక్షలో తేలినది. ప్యాంటు పొడవు ఉతికిన తరువాత 100 సెంటీమీటర్లు ఉండవలెను. నమూనా పొడవు ఎంత? చాలామంది 108 అంటారు. కాని 108లో నూటికి ఎనిమిది వంతులు తగ్గితే మిగిలేది 99.36 మాత్రమే. సరియైన సమాధానం 100ను 0.92తో భాగించగా వచ్చు 108.7. ఈ ఏడు మిల్లీమీటర్ల భేదం ఒక్క ప్యాంటులో కంటికి కనిపించకపోవచ్చును. తెప్పించుకొన్న వ్యాపారి కొలత పట్టికతో సరిచూచినప్పుడు మాత్రం తప్పక కనిపిస్తుంది.

ఒక తప్పు, వేయి తప్పులు

మూల నమూనా సిద్ధమైన తరువాత చవక గుడ్డతో ఒక మాదిరి కుట్టి, ఆ సైజు మనిషికి తొడిగి చూస్తారు. నమూనాకారుని కన్ను ఇక్కడ పరీక్షకు నిలుస్తుంది. ముడత ఏ దిక్కుకు లాగుతున్నదో చూచి తప్పు ఎక్కడ ఉన్నదో చెప్పగలగాలి. భుజం మీద కనిపించే ముడతకు కారణం చంకలో ఉండవచ్చును. వైద్యుడు నొప్పి ఒకచోట ఉన్నా రోగం మరొకచోట వెదకినట్లే ఇదియును.

తరువాతి పని గ్రేడింగ్, అనగా ఒక సైజు నుండి మిగిలిన సైజులను గీయుట. ఫోటోను పెద్దది చేసినట్లు నమూనాను అన్నివైపులా సమానంగా పెంచితే సరిపోతుందని క్రొత్తవారు భావిస్తారు. అది పొరపాటు. ఒక సైజు పెరిగినప్పుడు చొక్కా ఛాతీ నాలుగు సెంటీమీటర్లు పెరిగితే కాలరు ఒక్క సెంటీమీటరు పెరుగుట సాధారణం. లావైన మనిషి మెడ, భుజం, చేయి పొడవు అతని నడుముతో సమానంగా పెరగవు. ఏ బిందువు ఎంత జరగవలెను, ఏది జరగకూడదు అన్న నిర్ణయమే గ్రేడింగ్.

అన్ని సైజుల ముక్కలను గుడ్డ వెడల్పులో వ్యర్థం లేకుండా అమర్చు పటాన్ని మార్కర్ అంటారు. దాని క్రింద అనేక పొరల గుడ్డ పరచి ఒకేసారి కోస్తారు. ఇక్కడ లెక్క చూడండి. ముక్కలను తెలివిగా అమర్చి చొక్కాకు రెండు సెంటీమీటర్ల గుడ్డ మిగిల్చితే పదివేల చొక్కాలకు రెండు వందల మీటర్లు మిగులుతుంది. మరొక ప్రక్క, ముందు వెనుక ముక్కల ప్రక్క అంచులు నాలుగింటిలోను అర సెంటీమీటరు చొప్పున తప్పు గీస్తే చొక్కా చుట్టుకొలతలో రెండు సెంటీమీటర్లు, అనగా సగం సైజు తప్పుతుంది. దర్జీ తప్పు ఒక్క చొక్కాను పాడుచేస్తుంది. నమూనాకారుని తప్పు పదివేల చొక్కాలను పాడుచేస్తుంది, ఎవరూ దానిని సూదితో సరిదిద్దలేరు.

యంత్రం వచ్చిన తరువాత

ఈ పనిలోకి కంప్యూటరు వచ్చిన చరిత్రలో జోసెఫ్ గెర్బర్ పేరు చెప్పుకొనదగినది. వియన్నా నగరంలో 1924లో జన్మించిన ఈ యూదు బాలుడు నాజీల నిర్బంధం నుండి తప్పించుకొని 1940లో అమెరికా చేరాడు. ఇంజనీరింగు విద్యార్థిగా ఉన్నప్పుడు గ్రాఫుల లెక్కలతో విసిగి, తన పైజామా నడుములోని ఎలాస్టిక్‌ను తీసి, దానిపై సమాన గీతలు గుర్తించి, సాగదీసి వాడు కొలబద్దను తయారు చేసుకున్నాడు. తరువాతి కాలంలో ఆయన సంస్థ గుడ్డ పొరలను కంప్యూటరు ఆజ్ఞతో కోయు యంత్రాన్ని 1960ల చివరలో రూపొందించినది. ఫ్రాన్సులో 1973లో స్థాపించబడిన లెక్ట్రా అను సంస్థ 2021లో గెర్బర్ సంస్థను తనలో కలుపుకొన్నది. నేడు నమూనాలు తెరపై గీయబడుతున్నవి, బొమ్మ మనిషికి తెరపైననే తొడిగి చూడబడుతున్నవి.

అయితే యంత్రం వచ్చినందున నమూనాకారుడు అనవసరమయ్యాడా? కాలేదు. గీత గీయు శ్రమను యంత్రం తగ్గించినది. గీత ఎక్కడ ఉండవలెనో తెలిసినవారి అవసరాన్ని తగ్గించలేదు. చేతితో కాగితంపై గీయుట తెలియనివారు తెరపై గీసిన నమూనాలో తప్పు కూడా అందంగానే కనిపిస్తుంది.

ఎవరి శరీరం కొలత?

సైజు పట్టిక ప్రకృతి ఇచ్చినది కాదు. ఎవరినో కొలిచి తయారు చేసినది. అమెరికా ప్రభుత్వం 1939–40లో దాదాపు 15,000 మంది స్త్రీలను కొలిపించి 1941లో ఫలితాలు ప్రకటించినది. ఒక్కొక్కరి నుండి 59 కొలతలు తీసుకున్నారు. కాని శ్వేతజాతి స్త్రీల కొలతలు మాత్రమే లెక్కలో చేర్చబడినవి. ఆ సమాచారం ఆధారంగా 1958లో సైజుల ప్రమాణం వెలువడినది, 1983లో అది ఉపసంహరించబడినది. లెక్కలో చేరని స్త్రీకి దుకాణంలోని గౌను సరిపోకపోతే ఆమె తన శరీరాన్నే తప్పుపట్టుకొని ఉంటుంది. తప్పు పట్టికది.

మన దేశంలోను తయారైన దుస్తులు చాలాకాలంగా విదేశీ పట్టికల ఆధారంగానే కోయబడినవి. ఈ కొరత తీర్చుటకు జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ, అనగా నిఫ్ట్, ఆధ్వర్యంలో 25,000 మంది భారతీయులను కొలుచు పథకం 2018లో ప్రకటించబడినది. పదిహేను నుండి అరువది అయిదు సంవత్సరాల వయస్సు గల స్త్రీ పురుషులను ఎన్నుకొన్న ఆరు నగరాలలో కంప్యూటరు స్కానర్ల ద్వారా కొలుచుట దీని ఉద్దేశం. ఆ ఆరింటిలో మన హైదరాబాదు ఒకటి. లెక్కలో చేరినవారికే దుస్తులు సరిపోతాయి. ఈ మాట దుస్తులకు మాత్రమే వర్తించేది కాదని విద్యార్థులు గ్రహించగలరు.

విద్యార్థులకు, పాలకవర్గానికి

మన కళాశాలలో దర్జీ కుటుంబాల నుండి వచ్చిన విద్యార్థులు పలువురున్నారు. తండ్రి వృత్తి ఏమిటని అడిగితే తల దించుకొని "బిజినెస్" అని చెప్పువారిని నేను చూచాను. ఒకప్పుడు నేనును అట్లే చెప్పితిని. కాని నమూనాకారునికి కావలసినవి రెండు: గుడ్డ స్వభావం తెలిసిన చేయి, జ్యామితి తెలిసిన బుద్ధి. మొదటిది ఆ విద్యార్థుల ఇంట ఉన్నది. రెండవది ఈ కళాశాలలో ఉన్నది. ఈ రెంటికి మధ్య ఇంటి గడప ఒకటే అడ్డు.

అట్లే ఇంటివద్ద కుట్టుమిషనుపై ముక్కకు ఇంత అని కూలి తీసుకొను తల్లులు, అక్కలు మనకు ఎందరో ఉన్నారు. ఎవరో కోసిన ముక్కలను జత చేయువారు ఆ కూలిని దాటి పైకి రాలేరు. కోత నిర్ణయించుట నేర్చినవారు రాగలరు. నిఫ్ట్ సంస్థ ఢిల్లీలో 1986లోను, హైదరాబాదులో 1995లోను ప్రారంభమైనది. అంత దూరం పోలేనివారికి ఐ.టి.ఐ.లలో కుట్టు, దుస్తుల తయారీ కోర్సులున్నవి. ఇంగ్లీషు రానందున ఈ విద్య రాదన్న భయం అనవసరం. సెంటీమీటరుకు మాతృభాష లేదు.

కళాశాల పాలకవర్గం వారికి సవినయంగా ఒక మనవి. పెద్ద భవనం, ఖరీదైన కంప్యూటర్లు ఇప్పుడే అడుగుట లేదు. ఒక పొడవైన బల్ల, కాగితపు చుట్టలు, నాలుగు కొలబద్దలు, వారానికి రెండు సాయంత్రాలు చాలును. గణిత శాఖ అధ్యాపకులు ఒకరు, పట్టణంలోని వృద్ధ దర్జీ ఒకరు ఆ బల్లకు ఇరుప్రక్కల నిలిచి బోధించవలెను. ఆ ఉస్తాద్ చేతితో గీసిన ప్రతి గీతను విద్యార్థులు కాగితంపైకి ఎక్కించి, కొలతలు వ్రాసి, ఉర్దూలోను తెలుగులోను పేర్లు పెట్టి భద్రపరచవలెను. షేర్వాణీ కాలరు, కలీదార్ కుర్తా, ఖడా దుపట్టాతో ధరించు కుర్తా కోత, ఇవన్నీ నేటికీ కొందరి చేతులలో మాత్రమే ఉన్నవి.

మా తండ్రిగారు గీసిన ఆ వార్తాపత్రిక కాగితాలు పసుపు రంగుకు మారి, మడతల వద్ద చినిగినవి. కాలరు వంపు మాత్రం చెదరలేదు. మా ఉస్తాద్‌గారు జీవించి ఉండగానే ఎవరైనా ఆయన ముందు ఒక కాగితం పరచి ఉంటే ఆ షేర్వాణీని విప్పవలసిన పని ఉండేది కాదు. మన పట్టణంలోని ఉస్తాదులు ఇంకను కొందరు మిగిలి ఉన్నారు. కాగితం పరచవలసిన సమయం ఇదియే.